పద్నాలుగో దొడ్డి పెంగ్విన్లు

మేడ్చల్

తిరిగొచ్చాక మేడ్చల్‌లో నన్ను అందరూ అడిగిన ప్రశ్నలు మూడు. విమానంలో ఏం పెట్టిన్రు? అక్కడ రోజు కూలి ఎంత? పెంగ్విన్‌ను ముట్టుకున్నవా? మొదటి రెంటికీ వివరంగా జవాబు చెప్పాను. మూడోదానికి "ముట్టుకున్న" అని ఊరుకున్నాను. దానికి పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మెకానికల్ డిప్లొమా చేసి, జీడిమెట్లలో బాయిలర్లు, నీటిని మెత్తబరిచే యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరి అప్పటికి రెండేళ్లు. మన మేడ్చల్ బోరు నీళ్లు ఎలాంటివో మీకు తెలుసు. గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడతాయి, సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు. అలాంటి నీళ్లను మెత్తబరచడమే మా పని. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గర, చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఒకటి మా దగ్గర బాయిలరూ, నీటి యంత్రమూ కలిసిన ఒక సెట్టు కొంది. దాన్ని బిగించి, నడిపించి, అప్పగించి రావడానికి నన్నూ ఫిట్టర్ యాదగిరినీ పంపారు.

యాదగిరిది శామీర్‌పేట. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. చెరువులో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పైపులు బిగించే పనిలోకి వచ్చాడు. నేను యాదన్న అంటాను. ఆయన నన్ను సారు అంటాడు. ఆ పిలుపులో మర్యాద సగం, ఎగతాళి సగం.

బయల్దేరే ముందు సామాన్ల జాబితా రాసుకున్నాను. ముప్పై ఎనిమిది వస్తువులు. నీటి పరీక్ష డబ్బా పదకొండోది. యాదన్న సంచిలో రెండు జతల బట్టలు, ఒక రెంచీ, వాళ్లమ్మ కట్టిచ్చిన ఎండు చేపల పొట్లం ఉన్నాయి.

"ఇంత పెద్ద జాబితా ఉన్నంక బట్టలెందుకు సారు, ఆ కాయితమే చుట్టుకోరాదు" అన్నాడు.

కేప్‌టౌన్

మేం బయల్దేరినప్పుడు మేడ్చల్‌లో మృగశిర వచ్చినా వాన లేదు. అక్కడ దిగేసరికి నడి చలికాలం. సన్నని వాన, చెవులు కోసే గాలి. ఊరి నడుమ బల్లలా చదునుగా ఒక కొండ, దాని మీద రోజంతా మబ్బు.

ఖదీజా అనే పెద్దావిడ ఇంట్లో మాకు గది ఇచ్చారు. పేరు వినగానే యాదన్న సంబరపడి మన హైదరాబాదు ఉర్దూ మొదలుపెట్టాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె పూర్వీకులను ఎన్నో తరాల కిందట మన దేశం నుంచీ, జావా వైపు నుంచీ ఓడల్లో బానిసలుగా తెచ్చారట. మాట మారిపోయింది, సమోసా మాత్రం మిగిలింది. అరచేతిలో సగం ఉండే సమోసా ఒక రాండు. అప్పటి లెక్కలో మన ఆరు రూపాయల పైమాటే. కొంపల్లి రోడ్డు మీద ఆ డబ్బుకు మూడు వస్తాయి, అవీ పెద్దవి.

రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికే పెట్టేస్తారు. మనకది ఇంకా చాయ్ టైము. చేపను పసుపు, వెనిగరు, చక్కెర వేసి ఊరబెట్టి, చల్లగానే తింటారు. "సేపల కూరల చక్కెర ఏసిన్రంటే మా అవ్వ ఈ దేశం దిక్కు సూడదు" అని యాదన్న వాళ్లమ్మను తలుచుకుని, తన ఎండు చేపలు పెనం మీద వేశాడు. ఖదీజా లేచి కిటికీలన్నీ తెరిచింది. మర్నాడు తనే వచ్చి రెండు చేపలు అడిగి తీసుకుంది.

ఇసుక మీద

మొదటి ఆదివారం ఫ్యాక్టరీ డ్రైవరు మమ్మల్ని ఒక చిన్న బీచికి తీసుకెళ్లాడు. పెంగ్విన్ అంటే మంచు దేశపు పక్షి అనుకుంటూ వచ్చినవాణ్ణి. ఇవి మాత్రం పొదల కింద ఇసుక తవ్వుకుని గుడ్లు పెడుతున్నాయి. పక్కనే ఇళ్లు. కారు తీసే ముందు వంగి కిందకు చూడమని ఒక బోర్డు పెట్టారు. ఎండ తగలకుండా అవి కార్ల కింద కూర్చుంటాయట. డ్రైవరు నిజంగానే వంగి, నాలుగు చక్రాల వెనకా చూసి, అప్పుడు బండి తీశాడు. మేడ్చల్ హైవే మీద ఎవరూ దేనికోసమూ వంగి చూడగా నేను చూడలేదు.

ఆ రోజు నోటు పుస్తకంలో రాసుకున్నవి ఇవి. ఎత్తు మోకాలు దాకా. కంటి పైన గులాబీ రంగు చర్మం. తెల్లని ఛాతీ మీద గుర్రపు నాడా ఆకారంలో నల్ల పట్టీ. అరుపు అచ్చం గాడిదది. చాలావరకు జంటగా ఉంటాయి. ఒకదాని మెడ ఈకలను ఇంకొకటి ముక్కుతో దువ్వుతూ ఉంటుంది, ఎంతసేపైనా.

యాదన్న ఒక జంట ముందు గొంతుక్కూర్చుని కదల్లేదు. పిలిస్తే అన్నాడు: "నలభై నిమిషాలైంది సారు, ఇంక దువ్వుతనే ఉన్నది. ఇరవై ఏండ్ల సంసారంల మా ఆడామె నా తల ఒక్కసారి గిట్ల సూడలే."

"నువ్వు ఆమె తల సూసినవా యాదన్న?"

"మీకు పెండ్లి గాలే, ఊకోన్రి."

గోదాము

మా పని ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా ఒక సరుకు ఓడ తీరానికి దగ్గర్లో మునిగింది. దాని నూనె పెంగ్విన్లు ఉండే దీవుల చుట్టూ పరుచుకుంది. పక్షులను బుట్టల్లో పెట్టి వేలకొద్దీ ఊరికి తెచ్చారు. ఒక పాత గోదాములో వాటిని కడిగే ఏర్పాటు జరిగింది. కడగడానికి వేడి నీళ్లు కావాలి. ఫ్యాక్టరీ యజమాని మా సెట్టును లారీ ఎక్కించి అక్కడికి పంపాడు. వెనకే మమ్మల్నీ పంపాడు.

అన్ని వేల పక్షులున్న చోట చెవులు చిల్లులు పడే అరుపులు ఉంటాయనుకున్నాను. లోపల అడుగుపెడితే దాదాపు నిశ్శబ్దం. నూనె పట్టినవి అరవడం లేదు. కంచెలతో విడదీసిన దొడ్ల అంచుకు ఆనుకుని, తలలు వంచి నిలబడి ఉన్నాయి. తెల్లని ఛాతీ ఉన్న పక్షి ఒక్కటీ కనబడలేదు. గాలిలో పెట్రోలు బంకు వాసనా, చేపల వాసనా కలిసిపోయాయి.

అక్కడి పెద్ద హెలెన్. బడిలో టీచరు పని చేసి రిటైరైన మనిషి. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పింది. పెంగ్విన్ ఈకలు పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి బిగిసి ఉంటాయి, నీటిని ఒంటికి తగలనివ్వవు. నూనె ఆ బిగువు విప్పేస్తుంది. చల్లని సముద్రం నేరుగా చర్మానికి తగిలితే పక్షి చలికి చస్తుంది. నూనె సబ్బుతో పోతుంది. ఆ తరువాత సబ్బు పూర్తిగా పోయేదాకా మెత్తని నీళ్లతో జాడించాలి. నీళ్లు గట్టివైతే వాటిలోని లవణం ఈకల మీద మిగిలి, ఈకలు మళ్లీ బిగియవు.

"ఊరి నల్లా నీళ్లు మెత్తనివే. కానీ ఇన్ని పక్షులకు చాలవు. ఈ ఆవరణలోని బోరు నీళ్లు కలపక తప్పదు. అవి చాలా గట్టివి. వాటిని నువ్వు చూసుకోవాలి" అంది.

ఇంత చదువూ ఇందుకే చదివానేమో అనిపించింది ఆ క్షణాన. మా యంత్రంలో సన్నని రేణువులు ఉంటాయి. గట్టినీటిలోని లవణాన్ని అవి పట్టుకుంటాయి. కొంత నీరు పోయాక అవి నిండిపోతాయి, అప్పుడు ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. నిండాయో లేదో తెలియడానికి పరీక్ష చాలా తేలిక. సీసాలో నీళ్లు పట్టి చిటికెడు మందు వేస్తే, మెత్తని నీళ్లయితే నీలం, గట్టివైతే ఎరుపు. రెండు గంటలకోసారి చూసి కాగితంలో రాయాలి. రోజుకు ఆరు గళ్లు.

యాదన్నకు తిండి పెట్టే పని ఇచ్చారు. పక్షిని మోకాళ్ల మధ్య పట్టుకుని, నోరు తెరిచి, చేపను తల ముందుగా లోపలికి తొయ్యాలి. తోక ముందు పెడితే పొలుసులు గొంతులో గీసుకుంటాయని ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. వారం తిరిగేసరికి ముంజేతుల నిండా గాట్లు. "మా అవ్వ కన్న చేతులు, పెంగ్విన్ సంతకాలు జేసింది" అని అందరికీ చూపించేవాడు.

పద్నాలుగో దొడ్డిలోని పందొమ్మిది పక్షులను మా ఇద్దరికీ అప్పగించారు. ప్రతిదాని రెక్కకూ ఒక నంబరు పట్టీ. 417, 418 ఒకే బుట్టలో వచ్చాయి. ఒళ్లంతా నూనె ఉన్నా 417 మెడను 418 దువ్వబోయేది. ముక్కుకు నూనె అంటుకుంటే తల విదిల్చి మళ్లీ దువ్వబోయేది. కడుపులోకి నూనె పోతుందని యాదన్న రెంటినీ విడదీసి చెరో మూల పెట్టేవాడు. కాసేపటికి రెండూ ఒక్కచోటే ఉండేవి.

ఆరు గళ్లు

మా జీడిమెట్ల షెడ్డులో ఒక అలవాటు ఉండేది. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆ రోజు గళ్లన్నీ ఒకేసారి నింపేస్తాం. మొదటి పరీక్ష నిజంగా చేస్తాం, మిగతావి దాన్ని చూసి రాసేస్తాం. అది అబద్ధమని మాలో ఎవరికీ తోచలేదు. యంత్రం నడుస్తుంటే అంకె ఎందుకు మారుతుంది? తనిఖీకి వచ్చినవాళ్లకు ఖాళీ గడి కనబడకూడదు, అంతే.

గోదాములో నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి పరీక్ష చేశాను. నీలం. రేణువులు సాయంత్రం ఆరు దాకా వస్తాయని లెక్కవేశాను. ఆరు గళ్లలోనూ నీలం అని రాశాను. లెక్కలో తప్పు లేదు. నేను లెక్క వేశాక కడిగే బల్లలు ఇంకో రెండు పెంచారు. నీళ్ల వాడకం పెరిగింది, రేణువులు ముందే నిండిపోయాయి.

ఆ మధ్యాహ్నం మా దొడ్డి వంతు వచ్చింది. పన్నెండు నుంచి నాలుగు దాకా పందొమ్మిదింటినీ కడిగారు. జాడించే దగ్గర ఫ్రాంక్ అనే ముసలాయనతో పాటు నేనూ నిలబడ్డాను. ఆయన పూర్వం పోస్ట్‌మన్. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. ఒక్కో ఈకనూ విడదీసి నీళ్లు పట్టేవాడు. 417 ఛాతీ తెల్లగా బయటపడినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నాలుగు గంటలూ నేను యంత్రం దగ్గరికి వెళ్లలేదు.

నాలుగింటికి యాదన్న చేతులు కడుక్కుంటూ అన్నాడు: "సారు, సబ్బు నురుగొస్తలేదు. మన మేడ్చల్ బోరు లెక్కనే ఉన్నయ్ నీళ్లు."

వెళ్లి సీసా పట్టాను. ఎరుపు. ఉప్పునీళ్లు ఎక్కించి యంత్రాన్ని సరిచేశాను. ఆరింటికి మళ్లీ చూస్తే నీలం.

"హెలెనమ్మకు చెప్తరా?" అన్నాడు యాదన్న.

"చెప్తలే. ముందు మిషన్ సరి కానీ."

"మిషన్ సరయింది గద సారు."

చెప్పకపోవడానికి నా దగ్గర మూడు కారణాలు ఉన్నాయి. కంపెనీ పరువు పోతుంది. నా ఉద్యోగం పోవచ్చు. ఈకలకు ఏమీ కాకపోవచ్చు కూడా. ఇప్పుడు చూస్తే మూడింటిలోనూ ఉన్నది నేనే, పక్షి ఎక్కడా లేదు.

కొలను

రెండు రోజుల తర్వాత పొద్దున ఏడింటికి పద్నాలుగో దొడ్డిని కొలనులో వదిలారు. ఈకలు బిగిస్తే నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. మావి అయిదు నిమిషాల్లో తడిసి ముద్దయ్యాయి. ఈదలేక గట్టు ఎక్కి వణికాయి.

హెలెన్ వాటిని కడిగిన రోజు నీళ్ల కాగితం తెప్పించి చూసింది. ఆరు నీలాలు. "నీళ్లు బాగానే ఉన్నాయి. అంటే సబ్బు మిగిలిపోయింది" అని, "ఎవరు జాడించారు?" అని అడిగింది.

ఫ్రాంక్ చెయ్యెత్తాడు. "నేనే. ఈ వేళ్లతో సరిగా చేయలేకపోయానేమో."

నేనూ అక్కడే ఉన్నాను. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. హెలెన్ నా వైపు చూసింది కూడా. నేను కాగితం వైపు చూశాను.

మళ్లీ మొదటి నుంచి సబ్బుతో కడగమని చెప్పింది. ఒకసారి కడిగితేనే పక్షి సగం ప్రాణం పోతుంది. వారం లోపు రెండోసారి, అదీ తడిసి చల్లబడిన ఒంటికి. పది గంటలకు మొదలుపెట్టారు. పన్నెండు లోపు మూడు చనిపోయాయి. మూడోది 417. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్న యాదన్న దాన్ని కింద పెట్టలేదు. అట్లాగే నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మూడు పోయినయ్ సారు. పదారున్నయ్. మీరు జెప్తరా, నాకొచ్చిన ఇంగ్లీషుల నేను జెప్పన్నా?"

వెళ్లి చెప్పాను.

హెలెన్ నన్ను తిట్టలేదు. "ఏ గంట నుంచి ఏ గంట దాకా గట్టి నీళ్లు?" అంది.

"పన్నెండు తర్వాత ఎప్పుడో మొదలై ఉంటుంది. నాలుగు దాకా."

"ఎప్పుడో అంటే?"

"నాకు తెలియదు. పదింటికి చూడలేదు. పన్నెండింటికి చూడలేదు. రెండింటికి చూడలేదు."

ఆమె బల్లల వైపు తిరిగి, సబ్బు ఆపమంది. మెత్తని నీళ్లతో జాడిస్తే చాలంది. పొద్దున ఏడింటికి నేను నోరు తెరిచి ఉంటే పందొమ్మిదింటికీ అంతే సరిపోయేది. సాయంత్రానికి ఇంకొకటి పోయింది. పదిహేను మిగిలాయి.

తరువాత ఆమె కాగితం నా ముందు పెట్టింది. "చెరపొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాయి." మూడు గళ్ల పక్కన పరీక్షించలేదు అని, ఒకదాని పక్కన ఎరుపు అని రాశాను. కింద పేరు, ఊరు రాయమంది. రాశాను.

ఫ్రాంక్ చెట్టు కింద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనకూ చెప్పాను. తన వేళ్లు చూసుకున్నాడు.

"అయితే ఇవి కావా?"

"కావు."

"ఆ మాట పొద్దున చెప్పి ఉంటే బాగుండేది" అని, గ్లవుజులు తొడుక్కుని లోపలికి వెళ్లాడు.

మేం ఇంకో మూడు వారాలు ఉన్నాం. కంపెనీకి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వచ్చాక మాట్లాడదాం అన్నారు. నన్ను నీళ్ల పనిలో నుంచి తీసేస్తారనుకున్నాను, హెలెన్ తీయలేదు. గంటగంటకూ పరీక్ష చేసి, చేశాకే రాసేవాణ్ణి. నూనె పోయిన కొద్దీ పక్షులకు గొంతు వచ్చింది. గోదాము గాడిద అరుపులతో దద్దరిల్లింది. వచ్చినవాళ్లందరూ ఆ చప్పుడుకు సంతోషించారు. 418 మాత్రం దొడ్డి అంచున నిలబడి అరిచి, ఆగి, వినేది. మళ్లీ అరిచేది. యాదన్న చేతి చేప తప్ప ఇంకెవరి చేపా ముట్టలేదు.

"దాని భాషల అదేదో అడుగుతాంది సారు. నేనేం జెప్పాలె?" అన్నాడు ఒకరోజు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు.

ఒడ్డు

మేం వచ్చేసే ముందు రోజు మా దొడ్డి పక్షుల ఈకలు పూర్తిగా బిగిశాయి. పొద్దున్నే అట్టపెట్టెల్లో ఒడ్డుకు తీసుకెళ్లాం. ఊరి జనం వచ్చారు, బడి పిల్లలు వచ్చారు. పెట్టెలు పక్కకు వంచితే ఒక్కొక్కటీ బయటికి వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోకి పరుగెత్తాయి. పద్నాలుగు వెళ్లాయి.

418 తడి ఇసుక మీద ఆగింది. వెనక్కి తిరిగి, ఖాళీ పెట్టెల దగ్గరికి వచ్చింది. ఒక పెట్టెలోకి తల పెట్టి చూసింది. ఇంకోదానిలోకి చూసింది. జనం నవ్వారు. యాదన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గడియారం చూశాను, పదకొండు నిమిషాలు గడిచాయి. తరువాత అది నీళ్ల వైపు నడిచింది. మొదటి అల దాని మీదుగా పోయింది. ఒకసారి తల కనబడింది. మరోసారి కనబడింది.

శామీర్‌పేట

వచ్చిన వారానికి యాదన్న నన్ను వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. కంపెనీ నన్ను సర్వీసు పని నుంచి తీసేసి స్టోరులో వేసింది, ఆ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను. వాళ్లమ్మ, ఎనభైకి దగ్గరున్న మనిషి, గడప దగ్గర కూర్చుని చేపలు తోముతోంది. యాదన్న చెయ్యి మీది గాట్లు ఒక్కొక్కటీ తడిమి చూసింది. చక్కెర వేసిన చేపల కూర సంగతి విని నమ్మలేదు. ఆమె అడిగితే మొత్తం కథ నేనే చెప్పాను, కాగితంతో సహా. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మరి ఆ ఒంటిది?" అంది.

యాదన్న అందుకున్నాడు. "దానికేమైందవ్వా, మంచిగున్నది. దీవికి పోయింది. ఇంకోటి జతయింది."

ముసలమ్మ కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూసింది. "అవునా బిడ్డా?"

"నేను చూడలేదవ్వా" అన్నాను. "నీళ్లలకు పోయేదాక చూసిన. తల రెండుసార్లు కనబడ్డది. ఆ తర్వాత ఏమైందో నాకు తెల్వదు."